మాట వినుటయే నాయకత్వము

నంద్యాల సీమకు నాయకులు కొత్తవారు కారు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీ దొరతనము నెదిరించి కోయిలకుంట్ల ఖజానాపై దాడి వెడలెను. 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఉరికంబ మెక్కెను. 1977 లోకసభ ఎన్నికలలో ఆంధ్రప్రదేశమున జనతా పక్షము తరఫున గెలిచిన అభ్యర్థి ఒక్కరే. ఆయన నంద్యాల పంపిన నీలం సంజీవరెడ్డి. ఆ యేడే ఆయన రాష్ట్రపతి పదవి నలంకరించెను. 1991లో ప్రధానిగా నున్న పి. వి. నరసింహారావును ఉపయెన్నికలో లోకసభకు పంపినదియు నంద్యాలయే.

ఇట్టి నాయకత్వమును గూర్చి బాలురు పాఠ్యపుస్తకములలో చదువుదురు, పెద్దలు పత్రికలలో చదువుదురు. ముందు ఒకరు నడతురు, వెనుక వేలమంది నడతురు. కాని వేరొక నాయకత్వము కలదు. అది పదిమంది పిల్లలు వలయముగా కూర్చున్న చిన్న గదిలో కనబడును. అక్కడ నాయకుడు అందరికంటె తక్కువ మాటాడును. తన వెనుక ఎందరు నడచిరన్నది అక్కడ లెక్క కాదు. తన యెదుట ఎవరెవరు నోరు విప్పిరన్నదే లెక్క. దీనినే గ్రూప్ కౌన్సెలింగు అందురు. తెలుగున సమాలోచన గోష్ఠి యనిన సరిపోవును. నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్ల పాఠశాలలలో ఈ గోష్ఠిని ఎట్లు నడపవలెను? వేర్వేరు ఇండ్ల నుండి వచ్చిన పిల్లలను ఒకే వలయములో కూర్చుండబెట్టినంతనే వారు సమానులగుదురా? నేడు ఉపాధ్యాయులు ఆలోచింపదగిన ప్రశ్నలివి.

పేరు చెడిన మాట

కౌన్సెలింగు అను మాట తెలుగునాట కొంత పేరు చెడినది. ఇంజనీరింగు, వైద్య కళాశాలలలో ర్యాంకును బట్టి సీట్లు పంచు కార్యక్రమమునకు ఆ పేరు స్థిరపడినది. పోలీసు ఠాణాకు రౌడీషీటర్లను పిలిపించి, ఇకమీద బుద్ధిగా నుండుడని హెచ్చరించి పంపుటయు కౌన్సెలింగే. ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో ముఠాకక్షల వలన ఎన్నో కుటుంబములు చితికిపోయిన రాయలసీమలో ఈ రెండవ యర్థము మరింత పరిచితము. కనుకనే 'నీకు కౌన్సెలింగు కావలెను' అని ఉపాధ్యాయు డనగానే, తానేమి తప్పు చేసితినోయని పిల్లవాడు జడియును. 'మావానికి పిచ్చి యనుకొనుచున్నారా' యని తల్లిదండ్రులు నొచ్చుకొందురు.

అసలు అర్థము ఈ రెండింటికిని దూరము. చిక్కులో నున్న మనిషి తన చిక్కును తానే విప్పుకొనునట్లు, శిక్షణ పొందిన మరొకరు తోడుండుటయే కౌన్సెలింగు. ఆ తోడు ఒక్కరి వలన గాక, అట్టి చిక్కునే యెరిగిన పదిమంది వలన లభించినప్పుడు అది గోష్ఠి యగును. అక్కడ సీటు లేదు, హెచ్చరిక లేదు. రచ్చబండ మీద పెద్దమనుషులు ఇరుపక్షముల మాట విని తీర్పు చెప్పుదురు; గోష్ఠిలో తీర్పును లేదు.

దీని యవసర మెంతటిదో అంకెలు చెప్పుచున్నవి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారము 2022లో దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. విశాఖపట్నములో ప్రవేశపరీక్షకు చదువుచున్న ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థల కన్నిటికిని మార్గదర్శక సూత్రములు విధించెను. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలరు ఒక్కరైనను ఉండవలెను. అంతకంటె చిన్న సంస్థ వెలుపలి నిపుణులతో సంబంధము పెట్టుకొనవలెను. పరీక్షల వేళ విద్యార్థులను చిన్న చిన్న బృందములుగా చేసి, ఒక్కొక్క బృందమునకు ఒక మార్గదర్శిని నియమింపవలెను. బోధకులకును సిబ్బందికిని ఏటికి రెండుసార్లయినను శిక్షణ ఈయవలెను. షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలు, వెనుకబడిన తరగతులవారు, అంగవైకల్యము గలవారు మున్నగువారి యెడ వివక్ష లేక మెలగుట ఆ శిక్షణలో భాగము. గోష్ఠి నడుపుట, అందులోని వైవిధ్యమును గుర్తించుట అను రెండు పనులును ఒకే యాజ్ఞలో చేరినవన్నమాట.

బాధ ఒకటియైన చోట

గోష్ఠి పద్ధతి పుట్టినది ఆసుపత్రిలో. 1905లో బోస్టను నగరమున జోసెఫ్ ప్రాట్ అను వైద్యుడు, ఖరీదైన చికిత్సకు నోచుకొనని పేద క్షయరోగులను వారమునకొకసారి ఒకచోట చేర్చుచుండెను. ఆరోగ్యసూత్రములు బోధించుటయే ఆయన తలంపు. వచ్చినవారు వేర్వేరు జాతులవారు, వేర్వేరు మతశాఖలవారు. అయినను ఒకరు కోలుకొనుచున్న సంగతి వినినప్పుడు మరొకరికి ధైర్యము కలుగుట ఆయన గమనించెను. ఒకే రోగము వారికి బంధమైనది. 1970లో అమెరికా వైద్యుడు ఇర్విన్ యాలమ్ గోష్ఠిచికిత్సపై వ్రాసిన గ్రంథములో, మేలు చేయు అంశములలో ఒకటిగా దీనిని చెప్పెను: ఈ బాధ నా యొక్కనిదే కాదను తెలివిడి.

మన దేశమునను ఇట్టి ప్రయత్నము జరిగినది. 1950 తరువాతి సంవత్సరములలో అమృతసరము మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే డేరాలలో నుంచి, రోగులతో వారినిగూడ కూర్చుండబెట్టి మాటాడుచుండెను.

తెలుగునాట దీనికి దగ్గరి నిదర్శనము నెల్లూరు జిల్లాలో దొరకును. 1990 తరువాత అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు సారా వలన చెడిన సంసారముల కథలను వాచకములో చదివిరి. చదివి పుస్తకము మూయలేదు. తమ ఇంటి సంగతులు చెప్పుకొనిరి. మగడు త్రాగివచ్చి కొట్టుట తన నొసటి వ్రాత యని ఇన్నాళ్లు తలచిన స్త్రీకి, ప్రక్కయింటి స్త్రీదియు అదే గతి యని అక్కడ తెలిసినది. దూబగుంటలో మొదలైన కదలిక 1992లో జిల్లా అంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధమైనది. ఆ రాత్రిబడులను ఎవరును కౌన్సెలింగు అనలేదు. అయినను వారికి ఎవరును ఉపదేశము చేయకుండగనే, ఒకరి మాట ఒకరు వినుట వలన కలిగిన బలమది.

కర్నూలు నుండి నంద్యాలకు పోవు దారిలోనే ఓర్వకల్లు ఉన్నది. 1995 తరువాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో అక్కడ స్త్రీల పొదుపు సంఘములు బలపడినవి. పదిమందికి కొంచెము ఎక్కువో తక్కువో గల సంఘము. అందరును వలయముగా కూర్చుండి లెక్క చూచుకొందురు. పొదుపు లెక్కతో మొదలైన మాట పిల్లల చదువు మీదికి, బాల్యవివాహముల మీదికి పోయెను. ఈ ప్రాంతమునకు గోష్ఠి కొత్త వస్తువు కాదని చెప్పుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు. పాఠశాల గదిలోనికి మాత్రము అది ఇంకను సరిగా రాలేదు.

మూడు విధముల పెత్తనము

నాయకుని తీరు గోష్ఠి నెట్లు మార్చునో తెలుపు పరిశోధన యొకటి ప్రసిద్ధము. 1939లో కుర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అను మువ్వురు అమెరికాలో పదేండ్ల బాలుర చిన్న సంఘములను పరిశీలించి తమ ఫలితములను ప్రకటించిరి. ఒక తీరు నాయకుడు ప్రతి పనిని తానే నిర్ణయించి ఆజ్ఞాపించెను. రెండవ తీరువాడు బాలురతో ఆలోచించి వారిచేతనే నిర్ణయింపజేసెను. మూడవ తీరువాడు ఏమియు పట్టించుకొనక వదలివేసెను. ఆజ్ఞలు సాగినచోట నాయకుడు గది విడిచిపోగానే పని సన్నగిల్లెను. తగవులో, లేదా మందకొడితనమో కనబడెను. ఆలోచన సాగినచోట నాయకుడు లేకున్నను పని నడచెను. వదలివేసినచోట పనియు లేదు, తృప్తియు లేదు.

మన పాఠశాలలలో మొదటి తీరు అలవాటు. దానిని మార్చబూనిన ఉపాధ్యాయుడు తరచుగా మూడవ తీరులో పడును. 'మీ ఇష్టము, మాటాడుకొనుడు' అని తాను ప్రక్కకు తొలగును. అప్పుడు గోష్ఠిలో గొంతు గలవానిదే రాజ్యము. నడిమి దారి తక్కిన రెండింటికంటె కష్టమైనది. తక్కువ మాటాడుచునే ఎక్కువ గమనింపవలెను. 'నలుగురితో నారాయణ' యను సామెత మనకున్నది. నలుగురు ఒకటన్నప్పుడు అయిదవవాడు వేరొకటి యనుటకు జంకును. ఆ అయిదవవానికి తావు చేయుటయే నడుపువాని పని.

ఒకే వలయము, వేర్వేరు దూరములు

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. తూర్పున నల్లమల, నడుమ కుందూ నది, కె. సి. కాలువ నీరు పారు పొలములు. ఈ కొలది దూరములో బడికి వచ్చు పిల్లలు ఎన్ని విధములవారు! కాలువ క్రింది రైతుల పిల్లలు, ఆ పొలములలో కూలికి పోవువారి పిల్లలు, ఆళ్లగడ్డలో రాతి విగ్రహములు చెక్కు శిల్పుల పిల్లలు, నల్లమల అంచున చెంచుగూడెముల పిల్లలు, ఇంట లంబాడీ మాటాడు సుగాలి తండాల పిల్లలు, ఇంట ఉర్దూ మాటాడు నంద్యాల పట్టణపు ముస్లిముల పిల్లలు, తరతరములుగా చర్చికి పోవు కుటుంబముల పిల్లలు. వసతిగృహములలో నుండి చదువువారు వేరు. వారికి సాయంకాలము పోయి చెప్పుకొనుటకు ఇల్లు దగ్గర లేదు.

ఈ పిల్లలందరును ఒకే చాపపై కూర్చుందురు. కాని మాటకు అందరి నుండియు దూరమొకటి కాదు. ఒకని నాలుకకు బడిభాష సులువు. మరొకడు నోరు విప్పగానే అతని యాసకు ఎవరో నవ్వుదురు. ఒకడు ఇంట తండ్రి నెదిరించి మాటాడును. మరొకతె పెద్దల యెదుట తల వంచుటయే మర్యాద యని పెరిగినది. 'మౌనము అర్ధాంగీకారము' అందురు. గోష్ఠి నడుపువాడు మొదట మరువవలసిన మాట ఇది. మౌనము భయము కావచ్చును, భాష చాలకపోవుట కావచ్చును, కోపము కావచ్చును, ఆలోచన కావచ్చును. అంగీకారము మాత్రమే యని తలచినచో పని చెడును.

రెండు గోష్ఠులు

ఆళ్లగడ్డ ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకొనవచ్చును. తొమ్మిదవ తరగతి పిల్లలు పదిమంది. తరచుగా బడి మానుచున్నవారు. ఉపాధ్యాయుడు మంచివాడు, వారికి మేలు చేయవలెనని గోష్ఠి పెట్టెను. తాను కుర్చీలో, పిల్లలు నేలపైన. 'మీ కష్టము లేమిటో చెప్పండి' అనెను. అంగడి నడుపు నాయన కొడుకొకడు చురుకుగా లేచి నాలుగుసార్లు మాటాడెను. తక్కినవారు తల లూపిరి. ఉర్దూ మాటాడు ఇంటి నుండి వచ్చిన బాలిక చిరునవ్వుతో ఊరకుండెను. ఉపాధ్యాయుడు చెంచు బాలుని వైపు తిరిగి, 'మీ గూడెంలో అందరూ బడి మానేస్తుంటారు గదా, ఎందుకురా?' అని అడిగెను. 'తెలీదు సార్' అని వాడు తల దించుకొనెను. గంట మ్రోగెను. గోష్ఠి చక్కగా జరిగినదని ఉపాధ్యాయుడు వ్రాసికొనెను.

దోషము ఆయన మనసులో లేదు, పద్ధతిలో నున్నది. కుర్చీ ఒకటి, నేల ఒకటి యైనప్పుడు అది వలయము కాదు, సభ. ఒక్కడు నాలుగుసార్లు మాటాడినప్పుడు ఆయన అతనిని ఆపలేదు. అన్నిటికంటె పెద్ద పొరపాటు చెంచు బాలుని అడిగిన ప్రశ్న. అది అతనిని గూర్చిన ప్రశ్న కాదు, అతని గూడెమును గూర్చిన ప్రశ్న. పదునాలుగేండ్ల పిల్లవానిని ఒక జాతి యంతటికిని జవాబుదారుని చేసినచో, వానికి మిగులునది 'తెలీదు' అను మాట యొక్కటే. 'మీది ఏ పేట?' 'మీ ఇంటిపేరేమి?' అను ప్రశ్నలు గూడ ఇట్టివే. అడుగువానికి అవి పలకరింపు. వినువానికి కులము నడిగినట్లు. గోష్ఠిలో వానికి చోటు లేదు.

అదే పదిమందితో మరొక విధముగా నడుపవచ్చును. గోష్ఠికి ముందే ఉపాధ్యాయుడు ఒక్కొక్కరితో వేరుగా కొంతసేపు మాటాడును. ఇది దేనికో, ఎన్ని వారములో చెప్పి, ఇష్టమేనా యని అడుగును. అహోబిలము నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని ఈ సీమవారి నమ్మకము; సంక్రాంతి తరువాత పారువేట ఉత్సవమున ఆ స్వామి సుమారు 40 దినములు ఊరూరు తిరిగి భక్తుల కడకు తానే పోవును. గుడికి రాజాలనివారి కడకు గుడియే పోవు ఈ సంప్రదాయము ఆళ్లగడ్డ పిల్లలందరు ఎరిగినదే. వలయములో మాటాడజాలని పిల్లవాని కడకు నడుపువాడు ముందుగా పోవుటయు అట్టిదే.

గోష్ఠినాడు అందరును ఒకే యెత్తున కూర్చుందురు. నియమములను పిల్లలచేతనే చెప్పింపవలెను: ఒకరు మాటాడునప్పుడు వేరొకరు మాటాడరాదు, నవ్వరాదు, ఇక్కడి మాట వెలుపల చెప్పరాదు. తరువాత చుట్టుగా అడుగవలెను. 'ఇప్పుడు వద్దు' అను హక్కు ప్రతివారికి నుండవలెను. బడిభాషలో రానిదానిని ఇంటిభాషలో చెప్పవచ్చునని ముందే తెలుపవలెను. ఉర్దూలో బాలిక చెప్పిన మాటను ఆమె యనుమతితో ప్రక్కనున్న స్నేహితురాలు తెలుగున చెప్పినచో తప్పేమి? ఆడపిల్లలకు మాత్రమే సంబంధించిన విషయములకు వారికే వేరు గోష్ఠిని ఉపాధ్యాయిని నడుపుట మేలు.

ఇట్లు నడచినచో మూడవ వారమున చెంచు బాలుడు ఇట్లనవచ్చును: 'అమ్మ నాయన అడివికి పోతే చెల్లెల్ని నేనే చూసుకోవాల. అందుకే రాను.' అప్పుడు నడుపువాడు సలహా చెప్పుటకు తొందరపడరాదు. వలయము వైపు చూచి, 'ఇంటి పని వల్ల బడి మానాల్సి వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?' అని అడుగవలెను. శిల్పి కొడుకు చేయెత్తును: 'పని ఎక్కువుంటే మా నాయన నన్నూ ఉలి పట్టమంటాడు సార్.' కూలివారి బిడ్డ చేయెత్తును. గూడెమును, శిల్పుల వీధిని, కూలిపేటను ఇంటి బాధ్యత యను ఒక్క దారము కలిపినది. కౌన్సెలింగు శాస్త్రమున 'కలుపుట' అను నేర్పు ఇదియే. వైవిధ్యమును గుర్తించుట యనగా వేరును వేరుగా నుంచుట కాదు. వేరును చెరిపివేయుటయు కాదు. ఎవరి మాటను వారు చెప్పిన పిమ్మట, ఎక్కడ కలియుచున్నదో చూపుట. ఇంటి మాట వెలువడిన పిమ్మటనే, చెల్లెలిని అంగన్వాడీలో చేర్చుటయో, తల్లిదండ్రులతో మాటాడుటయో ఉపాధ్యాయునికి తోచును.

తగవు వచ్చినప్పుడు

1965లో బ్రూస్ టక్మన్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు చిన్న బృందముల నడకను నాలుగు దశలుగా విభజించెను: కూడుట, కలహించుట, కట్టుబాటు చేసికొనుట, పని చేయుట. రెండవ దశ రాగానే మన ఉపాధ్యాయులు భయపడుదురు. కక్షల నెరిగిన సీమలో గొంతు పెరుగుటయే ప్రమాద సూచనగా తోచుట సహజము. రెండు కుటుంబముల మధ్య మాటలు లేని ఊరి నుండి ఇద్దరు బాలురు ఒకే వలయములో ఉండవచ్చును. వారిలో ఒకడు రెండవవానిని దెప్పిపొడుచును.

అప్పుడు 'నోరు మూసుకొని కూర్చో' అన్నచో కలహము వెలుపలికి పోవును. బడి గేటు దగ్గర మరల పుట్టును. 'ఎవరిది తప్పు?' అని విచారించినచో గోష్ఠి పంచాయితీ యగును. నడుపువాడు మొదట మాటను నిలుపవలెను: కొట్టుట, తిట్టుట ఇక్కడ లేదు, ఇది మనమందరము ఒప్పుకొన్న నియమము. పిదప మాటకు వెనుకనున్న భావమును అడుగవలెను: ఆ మాట వినినప్పుడు నీకేమనిపించినది? ప్రక్కనున్నవారికేమనిపించినది? తండ్రుల పగను బిడ్డలు మోయుచున్నారన్న సంగతి పెద్దల నోట వచ్చినచో అది నీతిబోధ; తోటి పిల్లవాని నోట వచ్చినచో అది చెవి కెక్కును. ఈ సీమలో గోష్ఠి వలన కలుగు మేలులలో ఇది చిన్నది కాదు.

హద్దు లెరిగిన పెత్తనము

గోష్ఠి నడుపువాడు తన్నుగూర్చి గూడ తెలిసికొనవలెను. ఆయనకును కులమున్నది, మతమున్నది, ఇంటి మాట యున్నది. అవి ఆయనతోపాటు వలయములో కూర్చుండును. ఎవరి యాస విని తనకు లోలోపల నవ్వు వచ్చుచున్నది, ఎవరి కష్టము తనకు వెంటనే అర్థమగుచున్నది, ఎవరిది అర్థము కాకున్నది అని తన్ను తాను అడుగవలెను. వీలైనచో ఇద్దరు కలిసి నడుపుట మంచిది: ఒక ఉపాధ్యాయుడు, ఒక ఉపాధ్యాయిని, లేదా వేర్వేరు సామాజిక నేపథ్యములు గలవారిద్దరు. ఒకరి కంటికి తప్పినది రెండవవారి కంటికి కనబడును. మార్కులు వేయు ఉపాధ్యాయుడు తన తరగతి పిల్లల గోష్ఠిని గాక, వేరొక తరగతి గోష్ఠిని నడుపుట మేలు. మార్కుల చేతికి మనసు విప్పుట ఏ పిల్లవానికైనను కష్టము.

రహస్యమునకు గూడ హద్దున్నది. ఆ హద్దును మొదటి దినముననే చెప్పవలెను. పిల్లలపై లైంగిక దౌర్జన్యము జరిగినట్లు తెలిసినచో అధికారులకు తెలుపుట 2012 పోక్సో చట్టము ప్రకారము విధి, దాచుట నేరము. ప్రాణము తీసికొనవలెనను తలంపు ఎవరి మాటలోనైనను తొంగిచూచినచో, అది గోష్ఠిలో తేల్చు విషయము కాదు. ఆ బిడ్డను ఒంటరిగా విడువక, తల్లిదండ్రులకు తెలిపి వైద్యుని కడకు చేర్పవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఏ వేళనైనను మాటాడవచ్చును. ఉపాధ్యాయుడు మనోవైద్యుడు కాడు, కానక్కరలేదు. ఎక్కడ తన పని ముగిసి వైద్యుని పని మొదలగునో ఎరుగుట గూడ నాయకత్వములోని భాగమే.

పదిమంది పిల్లలు, ముప్పావు గంట, వారమున కొకనాడు, ఆరు లేదా ఎనిమిది వారములు: ఇంతకు మించిన యేర్పాటు ఆరంభమునకు అక్కరలేదు. పెద్ద భవనము వలదు; వేపచెట్టు నీడయైనను, చెవి పెట్టి వినువారు దాపున లేకున్న చాలును. శిక్షణ మాత్రము తప్పదు. అది లేక మనసులను కదలించుట ఈత రానివాడు నీటిలోనికి మరొకని దింపుట వంటిది.

నడుపువాని చేత ఒక చిన్న పుస్తకముండవలెను. అందులో పిల్లలు చెప్పిన రహస్యములు వ్రాయరాదు. పది పేర్లు వ్రాసి, ప్రతి గోష్ఠి ముగిసిన పిమ్మట ఎవరెవరు మాటాడిరో పేరునకెదుట గుర్తు పెట్టిన చాలును. రెండు మూడు వారములు గడచిన పిమ్మట ఆ పుట చూచినచో గుర్తులు ఎవరి పేర్ల యెదుట గుంపుగా పడినవో, ఏ పేరు నెదుట ఏమియు లేదో కనబడును. అట్లు ఖాళీగా నున్న పేరు గల పిల్లవాని కడకు, తరువాతి గోష్ఠికి ముందు ఒకసారి పోయి ప్రక్కన కూర్చుండవలెను. వాడు ఏమియు చెప్పకపోయినను ఆ వారమునకు అది చాలును.